పని వేళలకు గడప ఉండాలి

పట్టభద్రులందరికీ అభినందనలు. మీలో చాలామంది రేపోమాపో మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఉద్యోగాల్లో చేరబోతున్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడిపినదాన్ని. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆఫీసు ఇంటికొచ్చింది. మా టీమ్‌లో ఒక చంటిబిడ్డ తల్లి ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా క్లయింటుతో కాల్. బిడ్డ ఏడిస్తే మ్యూట్ నొక్కేది, ఒళ్లో ఊపుతూనే మళ్లీ అన్‌మ్యూట్ చేసి జవాబు చెప్పేది. పొద్దున తొమ్మిదికల్లా స్టాండప్ కాల్‌లో హాజరు. ఇదేమిటమ్మా అంటే, "ఇంట్లోనే ఉన్నా కదా మేడం" అంది. ఆ మాటకు నా గుండె కలుక్కుమంది.

ఆ వారమే అందరి పని వేళలూ ఒక షీట్‌లో రాయించాను. రాత్రి కాల్ ఉన్నవాళ్లకు పొద్దున కాల్ లేదు. వేళ దాటి వచ్చిన మెసేజ్‌కు జవాబు మర్నాడే. క్లయింటుకూ అదే చెప్పాం, ఒప్పుకున్నారు. పనేమీ ఆగలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవారికంటే 55 గంటలు, ఆపైన చేసేవారికి బ్రెయిన్ స్ట్రోక్ ముప్పు 35 శాతం ఎక్కువట. ఫ్రాన్స్‌లో పని వేళలయ్యాక ఫోన్, మెయిల్ పక్కనపెట్టే హక్కు 2017 నుంచీ చట్టంలో ఉంది. మన దేశంలో అదే ఏడాది ప్రసూతి చట్టాన్ని సవరించి 26 వారాల సెలవు ఇచ్చారు. ఆ సెలవు ముగిశాక, పని తీరు అనుమతిస్తే, యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించారు. ఆఫర్ లెటర్‌లో ప్యాకేజీ ఒక్కటే చూసి సంతకం పెట్టేయకండర్రా, ఇవి కూడా అడగండి!

అసలు బెంగ మీ గురించే. దిండు పక్కన ఫోన్ పెట్టుకుని, రాత్రి రెండింటికి రిప్లై ఇచ్చి, పొద్దున అదేదో ఘనకార్యమన్నట్టు చెప్పుకుంటారు. ఎవరడిగారు నాయనా? నిద్ర మానేసి రాసిన కోడ్‌లో తప్పులు వెతకలేక మళ్లీ మీరే ఏడుస్తారు. పని వేళల వెసులుబాటు మీ చేతిలో ఉంటేనే వెసులుబాటు. కంపెనీ చేతిలో ఉంటే అది రోజంతా డ్యూటీ.

నాలుగేళ్లు తిరిగేసరికి మీలో కొందరు టీమ్ లీడ్‌లు అవుతారు. అప్పుడు మీ కింద పనిచేసే పిల్లలకు రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టకండి. తెల్లారాక పెట్టండి. మీ నుంచి నేను కోరేది ఇదొక్కటే.