దేశం పెద్దదైతే చాలునా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాంకేతిక రంగంలో దేశం నెగ్గుకు రావడానికి పరిమాణం ముఖ్యమా, ఏకాగ్రత ముఖ్యమా అన్నది నాకిచ్చిన విషయం. జవాబు కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. మన ఊళ్లోనే ఉంది.

1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం వెలసింది. మరుసటి ఏడే, 1913లో, మన అనకాపల్లిలో చెరకు పరిశోధన మొదలైంది. కోయంబత్తూరులో చెరకు బాగా పూస్తుంది గనుక సంకరం అక్కడ చేస్తారు. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ గార్లు తీపి చెరకును అడవి రెల్లుతో కలిపి సాధించిన కో 205 రకం 1918లో సాగులోకి వచ్చింది. అక్కడి విత్తనం మన కేంద్రానికి వస్తే వేలాది మొక్కలు పెంచి, ఎర్రకుళ్లు తెగులుకు తట్టుకునేవాటిని, మన నేలకు నప్పేవాటిని ఏరుతారు. ఏళ్ల తరబడి వడకడితే మిగిలేవి ఒకటో రెండో. ఒకే పంట, ఒకే దీక్ష!

1993లో వరప్రసాదరెడ్డి గారు హైదరాబాదులో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ కూడా అంతే. హెపటైటిస్-బి టీకానే పట్టుకుని 1997లో విడుదల చేసింది. విదేశీ టీకా వందల రూపాయలు పలికే రోజులవి. స్వదేశీ టీకా రావడంతో ధర దిగింది. తైవాన్ జనాభా మన రాష్ట్రంలో సగం కన్నా తక్కువే. అయినా ప్రపంచంలోని అతి సూక్ష్మమైన చిప్పుల్లో అధిక భాగం అక్కడివే.

అలాగని పరిమాణం పనికిరాదనను. కోట్లాది బిడ్డలున్న దేశం కాబట్టే టీకా చవకగా అమ్మినా గిట్టుబాటయింది. పెద్ద దేశానికి పెద్ద సంతే బలం. కానీ ఆ బలం చివరిదాకా అందాలి. తుమ్మపాల చక్కెర మిల్లు మూతపడింది. చెరకు పొలాల్లో సరుగుడు తోటలు లేస్తున్నాయి. రకం ఎంత మేలైనదైనా, ఆడించే మిల్లు, గిట్టే ధర లేకపోతే రైతు నాటడు. అప్పుడు నూరేళ్ల పరిశోధన ఎవరికి?

అధికారి మారగానే బూజుపట్టిన పథకాలను మనమంతా ఉద్యోగాల్లో ఉండగా చూశాం. కొద్ది పనులే ఎంచుకోవాలి. ఎంచుకున్నదాన్ని ప్రయోగశాల నుంచి సంత దాకా విడవకుండా నడపాలి. మన చెరకు పరిశోధనకు నిలకడగా నిధులు, రైతుకు మిల్లు కావాలని మన సంఘం తీర్మానించి ప్రభుత్వానికి పంపాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.