ట్రినిడాడ్‌కు వెళ్తున్నారా?

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు వెళ్లేవారు హోటల్ టిఫిన్ మానేసి, పొద్దున్నే వీధి బండి దగ్గరికి నడవడం మేలు. అక్కడ డబుల్స్ దొరుకుతాయి. పసుపు కలిపి నూనెలో వేయించిన రెండు మెత్తని రొట్టెలు, మధ్యలో శనగల కూర, పైన చింతపండు చట్నీ, మిరప సాస్. కారం ఎంత కావాలో ముందే చెప్పండి. అక్కడి మిరపకాయ ముందు మన గుంటూరు మిర్చి కూడా తలవంచాల్సిందే! 1845 నుంచి చెరకు తోటల కూలికి వెళ్లిన భారతీయుల వారసులు ఆ దీవికిచ్చిన రుచి ఇది.

ఖాళీ చమురు డ్రమ్ములను సుత్తితో మలిచి స్వరాలు పలికించే స్టీల్‌పాన్ అక్కడే పుట్టింది. కార్నివాల్ ఉత్సవానికి ముందు జరిగే పనోరమా పోటీలో దాన్ని వినాలి. సాయంత్రం కరోని చిత్తడి నేలల్లో పడవెక్కితే ఎర్రని ఐబిస్ పక్షులు గుంపులుగా చెట్లకు చేరడం కనిపిస్తుంది.

కార్నివాల్ రోజుల్లో గదులు దొరకడం కష్టం. ముందే బుక్ చేసుకోండి.