తలుపు మనమే వేసుకోవాలి
(హాయిల్‌లో శుక్రవారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం)

వారానికి ఉన్న ఒక్క సెలవు వదులుకుని వచ్చారు కాబట్టి సూటిగానే మాట్లాడతాను.

ఫోన్‌లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్, కలర్ ప్రిడిక్షన్ ఆడేవాళ్లు మన గదుల్లో ఉన్నారు. మా గదిలోనే ఒక తమ్ముడు జీతం పడిన రాత్రే మొదలుపెట్టేవాడు. ఇంటికి పంపాల్సింది పోయింది. దాన్ని రాబట్టాలని అప్పు చేసి మళ్లీ ఆడాడు. ఇంట్లో మాత్రం "కంపెనీ ఇంకా జీతం ఇయ్యలేదు" అనేవాడు. మూడు నెలలు పక్క మంచంలో పడుకున్న మాకే తెలియలేదు.

కొన్ని దేశాల్లో దీనికో పద్ధతి ఉంది. బ్రిటన్‌లో 2018 నుంచి గామ్‌స్టాప్ అనే పట్టిక నడుస్తోంది. "నన్ను ఆడనివ్వకండి" అని మనిషి తానే అందులో పేరు రాయించుకోవచ్చు. ఆరు నెలలో, ఏడాదో, ఐదేళ్లో గడువు పెట్టుకోవచ్చు. ఆ గడువు లోపల లైసెన్సున్న ఆన్‌లైన్ జూదం కంపెనీలు అతన్ని రానివ్వకూడదు. ఆస్ట్రేలియాలో 2023లో వచ్చిన బెట్‌స్టాప్‌లో జీవితాంతం కూడా రాయించుకోవచ్చు.

మనకు అలాంటి పట్టిక లేదు. సౌదీలో జూదమే నేరం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆడించేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి. అవి దొంగచాటు యాప్‌లు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే వెళ్లి అడగడానికి ఆఫీసు ఉండదు. ఇక్కడ ఫిర్యాదు చేయబోతే ముందు మన తప్పే బయటపడుతుంది.

అందుకే తలుపు మనమే వేసుకోవాలి. జీతం పడిన రోజే ఇంటికి పంపేయండి, ఖర్చులకు మాత్రం ఉంచుకోండి. ఊళ్లో బ్యాంకు ఖాతాకు ఫోన్‌లో యూపీఐ ఉంటే తీసేయండి, లేదా రోజు పరిమితి బాగా తగ్గించండి. బెట్‌బ్లాకర్ అనే యాప్ ఉచితం, జూదం సైట్లు తెరుచుకోకుండా ఆపుతుంది. కమీషన్ ఇస్తామన్నా మీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వకండి. వాళ్ల దొంగ సొమ్ము మీ పేరు మీద తిరుగుతుంది, కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఆన్‌లైన్‌లో మోసపోతే ఊళ్లో ఇంటివాళ్ల చేత వెంటనే 1930కి ఫోన్ చేయించండి. ఈ అలవాటుతో మనసు కుంగిపోతే టెలి మానస్ ఉంది. ఇంటివాళ్లు ఇండియా నుంచి 14416కి చేసి సలహా అడగొచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అన్నిటికన్నా ముందు ఒక్క మనిషికైనా నిజం చెప్పండి. మా తమ్ముడు ఒక రాత్రి చెప్పాడు. ఇప్పుడు జీతం రోజు ఇద్దరం కలిసి వెళ్లి డబ్బు పంపి వస్తున్నాం. అప్పు ఇంకా తీరలేదు, కానీ పెరగడం ఆగింది.

రేపు మీ గదిలో ఎవరైనా "అన్నా, అంతా పోయింది" అంటే తిట్టకండి, నవ్వకండి. కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి. లెక్కలు తర్వాత చూద్దాం.