ఎవరి పిల్లలు మన పిల్లలు?



యుద్ధం అనగానే మనకి తుపాకులు, ట్యాంకులు గుర్తొస్తాయి. ఆ కథల్లో ఆడవాళ్లు ఏడ్చే తల్లులుగానో, అత్యాచారాలకి గురైనవాళ్లుగానో కనిపిస్తారు. అదీ నిజమే. కానీ పరాయి సైన్యం వచ్చి కూర్చున్న దేశంలో ఇళ్లనుంచి, బళ్లనుంచి నడిచిన పోరాటాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదాని గురించి చెప్తాను. చాలాకాలం టీచరుగా పనిచేశాను కాబట్టి ఇది నాకు బాగా దగ్గరైన కథ.

1940 ఏప్రిల్ 9న హిట్లర్ సైన్యం నార్వేలోకి వచ్చింది. 1942 ఫిబ్రవరి 1న అక్కడి నాజీ నాయకుడు క్విజ్లింగ్‌ని ప్రభుత్వాధినేతని చేశారు. నాలుగు రోజులకే కొత్త చట్టాలు వచ్చాయి. పదేళ్లు దాటిన పిల్లలంతా నాజీ యువజన సంస్థలో చేరాలి. టీచర్లంతా ప్రభుత్వం పెట్టిన కొత్త సంఘంలో సభ్యులు కావాలి.

దేశం మొత్తంమీద టీచర్లు సుమారు 12 వేల మంది. ఒక చిన్న ఉత్తరం నమూనా రహస్యంగా చేతులు మారింది. నా అంతరాత్మకి విరుద్ధంగా పిల్లలకి చదువు చెప్పలేను, ఈ సంఘంలో ఉండను అని దాని సారాంశం. ఎవరి ఉత్తరం వాళ్లు రాసి, సొంత పేరుతో సంతకం పెట్టి, ఫిబ్రవరి 20న పోస్టు చేశారు. అలా రాసినవాళ్లు కనీసం 8 వేల మంది. సంఘం పేరు చాటున దాక్కోలేదు. రాసిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు.

ప్రభుత్వం కట్టెలు, బొగ్గు లేవనే సాకుతో నెలరోజులు బళ్లు మూసేసింది. దాంతో బడి గొడవ ప్రతి ఇంటి గొడవ అయింది. మా పిల్లల్ని ఆ సంస్థలోకి పంపం అని తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలు రెండు లక్షల దాకా ఉంటాయని అంచనా.

మార్చిలో వెయ్యికి పైగా మగ టీచర్లని అరెస్టు చేశారు. శిబిరాల్లో ఆకలితో మాడ్చి, మంచులో పాకించారు. లొంగనివాళ్లలో ఆరు వందలమందికి పైగా దేశానికి ఉత్తర కొసన ఉన్న కిర్కెనెస్‌కి పంపి, జర్మన్ సైన్యానికి కూలి పని చేయించారు.

మగవాళ్లు శిబిరాల్లో ఉంటే ఇక్కడ ఇల్లు ఎలా గడిచింది? జీతాలు ఆగిన కుటుంబాలకి రహస్యంగా చందాలు పోగుచేసి అందించారు. ఇళ్లలోనే పిల్లలకి పాఠాలు చెప్పారు. నేను చదివిన పుస్తకాల్లో ఈ సంగతి ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. శిబిరంలో ఒకాయన లొంగకుండా ఉన్నాడంటే, ఇంటి దగ్గర పిల్లలకి అన్నం దొరుకుతోందన్న ధైర్యం కూడా దానికి కారణమే కదా! ఉద్యమంలో ఈ పనిని మనమే ‘సాయం’ అని చిన్నబుచ్చుతాం.

చివరికి ప్రభుత్వమే దిగివచ్చింది. టీచర్లే తన పథకాలన్నీ పాడుచేశారని మే నెలలో క్విజ్లింగ్ ఒక బడిలో వాళ్లమీద కేకలేశాడు. నవంబరుకల్లా కిర్కెనెస్ టీచర్లు ఇళ్లకి చేరారు. బళ్లు నాజీల చేతికి పోలేదు.

ఇక్కడితో ఆపితే చప్పట్లు కొట్టచ్చు. కానీ అదే నెల, 1942 నవంబర్ 26న, ఓస్లో రేవునుంచి ‘డొనావ్’ అనే ఓడ ఐదు వందలమందికి పైగా యూదులతో బయల్దేరింది. వాళ్లలో తల్లులున్నారు, బడి పిల్లలున్నారు. పట్టి తెచ్చింది నార్వే పోలీసులే. ఆ దేశంనుంచి మొత్తం సుమారు 770 మంది యూదుల్ని తరలిస్తే, 40 మంది కూడా బతికి రాలేదు. చర్చి పెద్దలు నిరసన లేఖ రాశారు. ఎందరో ప్రాణాలకి తెగించి మిగిలినవాళ్లని స్వీడన్‌కి దాటించారు. కానీ ఆ ఓడని ఆపడానికి రెండు లక్షల ఉత్తరాలు రాలేదు.

ఇది ఆ టీచర్ల త్యాగాన్ని తగ్గించడానికి చెప్పడం లేదు. అహింసాయుత ప్రతిఘటన దానంతటది రాదు. ముందే అల్లుకున్న సంబంధాలు కావాలి. ఆ అల్లిక ఎంతవరకు పోతుందో రక్షణ కూడా అంతవరకే. మా పిల్లలు అన్నప్పుడు లక్షల చేతులు లేచాయి. పక్కవాళ్ల పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆ చేతులు తక్కువయ్యాయి.

మధ్యాహ్నం బృంద చర్చల్లో ఒక్క ప్రశ్న వేసుకుందాం. మన సంఘం జాబితాలో ఎవరి పేర్లున్నాయని కాదు, ఎవరి పేర్లు లేవని. కష్టం వచ్చాక వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది.