పదమూడు శతాబ్దాల బస

ప్రయాణంలో రాత్రి ఎక్కడ తలదాచుకోవాలన్నది మనిషికి చాలా పాత సమస్య. మన దేశంలో దానికి ముఖ్యంగా రెండు జవాబులు దొరికాయి. ఒకటి ధర్మసత్రం. రాజో, జమీందారో, వర్తకుడో పుణ్యం కోసం కట్టించినది. రెండోది పూటకూళ్ళ ఇల్లు. ఒక కుటుంబం డబ్బు తీసుకొని బాటసారులకు తన ఇంట్లోనే అన్నం పెట్టేది. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన ‘క్రీడాభిరామం’లోనూ, గురజాడ ‘కన్యాశుల్కం’లోనూ ఇది కనిపిస్తుంది. సత్రానికి మాన్యాలుంటాయి. పూటకూళ్ళ ఇంటికి ఆ ఇంటివాళ్ళ చేతులే ఆధారం. అటువంటి కుటుంబ బస ఒకటి జపాన్‌లో ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచిందో ఈ ప్రసంగంలో చూద్దాం.

జపాన్‌లోని యమనాషి రాష్ట్రంలో, దక్షిణ ఆల్ప్స్ పర్వతాల ఒడిలో, హయకావా అనే ఊరుంది. అక్కడి నిషియామా లోయలో కేయున్‌కాన్ అనే బస ఉంది. కేయున్ శకం రెండో ఏట, అంటే క్రీ.శ. 705లో, ఫుజివారా మహితో అనే వ్యక్తి ఇక్కడి వేడినీటి ఊటను కనుగొన్నాడని సంప్రదాయం చెబుతుంది. శకం పేరే బసకు పేరయింది. 2011లో గిన్నిస్ సంస్థ దీన్ని ప్రపంచంలోనే అతి ప్రాచీనమైన హోటల్‌గా గుర్తించింది.

మీరు ఇటువంటి బసకు వెళ్ళారనుకోండి. గుమ్మంలో చెప్పులు విడవాలి. గదిలో మంచం ఉండదు. నేలంతా తాతామీ చాపలు పరిచి ఉంటాయి. తొడుక్కోవడానికి యుకాతా అనే నూలు అంగీ ఇస్తారు. వేడినీటి తొట్టిలో దిగేముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. ఆ నీరు అందరిదీ కదా! రాత్రి భోజనంలో ఆ కొండల్లో, ఏటిలో దొరికేవాటికే పెద్దపీట. భోజనమయ్యాక నేలమీదే పరుపు వేస్తారు. ఇలాంటి బసను జపనీయులు ర్యోకాన్ అంటారు.

ఇంతకాలం నిలవడానికి మొదటి కారణం ఆ ఊటే. నొప్పులు పోగొట్టుకోవడానికి రోజుల తరబడి వేడినీటి ఊటల దగ్గర ఉండిపోవడం జపాన్‌లో పాత అలవాటు. కనుక దారి ఎంత కష్టమైనా జనం వచ్చారు.

రెండో కారణం వారసత్వ పద్ధతి. జపాన్‌లో ‘ఇల్లు’ అంటే రక్తసంబంధం ఒక్కటే కాదు, ఇంటిపేరు, వృత్తి కూడా. కొడుకు లేకపోతే, ఉన్నా సమర్థుడు కాకపోతే, సమర్థుణ్ణి దత్తత చేసుకుంటారు. కూతురినిచ్చి అల్లుణ్ణి తెచ్చుకుంటే అతడు ఆ ఇంటిపేరు పెట్టుకుంటాడు. మన ఇల్లరికం గుర్తుకొస్తోంది కదూ? అయితే మన ఇల్లరికపుటల్లుడు సాధారణంగా తన ఇంటిపేరు వదులుకోడు. అవాజు అనే ఊళ్ళో 718లో మొదలైందని చెప్పే హోషి బసలో ఇంటి పెద్ద అయినవాడు ‘జెంగొరో’ అనే పేరే స్వీకరిస్తాడు. మనుషులు మారినా పేరు మారదన్నమాట.

కేయున్‌కాన్ ఇలా 52 తరాలు నడిచింది. తరువాత పగ్గాలు అందుకోవడానికి కుటుంబంలో ఎవరూ లేకపోయారు. 2017లో, అక్కడే ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక ఉద్యోగి బాధ్యత తీసుకున్నాడు. వంశం ఆగింది, బస ఆగలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 1960 ప్రాంతంలో పదివేలకు పైగా జనం ఉన్న హయకావాలో 2020 నాటికి మిగిలింది సుమారు 1,100 మంది. 1980 ప్రాంతంలో దేశంలో ఎనభై వేలకు పైగా ఉన్న ర్యోకాన్లు 2018 నాటికి నలభై వేలకు లోపే. పిల్లలు పట్నాలకు వెళ్ళిపోయాక కొండ ఊళ్ళలో ఇంటి వృత్తిని ఎవరు అందుకుంటారన్నది మన మగ్గాలకూ, కుమ్మరి సారెలకూ ఎదురవుతున్న ప్రశ్నే.

కేయున్‌కాన్ చూపిన దారి ఒకటుంది. వారసుడంటే ఆ ఇంట పుట్టినవాడే కానక్కరలేదు. ఆ పని నేర్చినవాడు, ఆ ఇంటి మర్యాద తెలిసినవాడు అయితే చాలు. మీ ఊళ్ళో ఆగిపోబోతున్న వృత్తి ఏదైనా ఉంటే, అది నేర్పడానికి పెద్దలు బయటివారికి తలుపు తెరుస్తున్నారా అని ఒకసారి అడిగి చూడండి.