తర్లగూడ దారిలో నాడిపరీక్ష
(ఉపన్యాస పాఠము)



వరంగల్లునుండి ఏటూరునాగారము మీదుగా పోవు 163వ జాతీయ రహదారి వాజేడు మండలమును దాటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున ప్రవేశించుచోట తర్లగూడ యను గ్రామము కలదు. పూర్వము బస్తరు జిల్లాలోనిది. 2007లో ఏర్పడిన బిజాపూరు జిల్లాలో నేడు చేరియున్నది. భోపాలపట్నము ప్రాంతమున పలుచోట్ల వలెనే ఇచ్చటను తెలుగు వినబడును. ఇప్పపువ్వు ఏరబోయి ఎలుగుబంటి వాతబడినవారు, తాటిచెట్టునుండి జారిపడినవారు, లారీ గుద్దగా పడినవారు, మందుపాతర ప్రేలి గాయపడిన జవానులు—ఇట్టివారికి పెద్ద శస్త్రచికిత్స కావలసి వచ్చినచో వరంగల్లు వైపు పోయినను, జగ్దల్‌పూరు వైపు పోయినను ప్రయాణము వంద కిలోమీటర్లకు పైమాటయే. కావున “ఈతడు అందాక తాళగలడా?” అను ప్రశ్న ఆసుపత్రి గడప తొక్కక మునుపే, దారిలోనే పుట్టును.

గాయమును చూచి దీనికి బదులు చెప్పుట కష్టము. తలమీది చర్మము చిట్లినచో మొగమంతయు నెత్తురై చూచువారు హడలిపోవుదురు. అతడు మాత్రము లేచి కూర్చుండి మంచినీళ్లడుగును. ప్లీహము పగిలినవాని చొక్కాపై ఒక్క మరకయు నుండకపోవచ్చును. నెత్తురంతయు కడుపులోనికే పోవుచుండును.

అరువది కిలోల బరువుగల మనిషి దేహమున నాలుగు లీటర్లకు కొంచెము పైగా రక్తముండును. అందు నూటికి పదునైదు పాళ్లవరకు పోయినను దేహము ఇంచుమించు బయటపడనీయదు. ముప్పది పాళ్లు పోవువరకును గుండె వడిగా కొట్టుకొని, చర్మమునకు పోవు సన్నని నాళములు ముడుచుకొని, రక్తపుపోటును నిలబెట్టుచుండును. చేతులు చల్లబడుట, చెమట పట్టుట అందువలననే. పోటు నిజముగా పడిపోవుసరికి మూడవవంతు రక్తము పోయియుండును. కనుక “బి.పి. బాగానే యున్నది” అను మాట ఎంత ఓదార్పు నిచ్చునో అంత మోసమును చేయగలదు.

నాడి పట్టి చూచుట మనవారికి కొత్తగాదు. బసవరాజీయము వంటి వైద్యగ్రంథములలో నాడీపరీక్షకు పెద్దపీట వేసియున్నారు. ఆ వైద్యులకు లేనిది పోటును అంకెలలో కొలుచు సాధనము. 1896లో రివా-రోచ్చి చేతిపట్టీని, 1905లో కొరొట్కోవ్ దాని చప్పుడు వినుపద్ధతిని చూపిన పిమ్మట ఆ కొరత తీరినది. 1967లో ఆల్గోవర్, బురీ అను ఇరువురు ఈ రెండు అంకెలను జోడించిరి. నిమిషమునకు నాడి ఎన్నిమార్లు కొట్టుకొనునో ఆ సంఖ్యను రక్తపుపోటు పై అంకెచే భాగింపవలెను. దీనికే షాక్ ఇండెక్సు అని పేరు. ఆరోగ్యవంతునికి నాడి 72, పోటు 120 అనుకొన్నచో ఫలితము 0.6. సాధారణముగా 0.5 నుండి 0.7 వరకు నుండును. అదే గాయపడినవానికి నాడి 112, పోటు 112 ఉన్నదనుకొందము. పోటును మాత్రమే చూచినవాడు ఊరటపడును. భాగించి చూచినవాడు 1 అను ఫలితమునకు ఉలికిపడును. ఒకటికి చేరినదనగా రక్తము ఎక్కించవలసి వచ్చుటకును, ప్రాణహానికిని అవకాశము హెచ్చినదని గ్రహింపవలెను.

అయితే ఈ లెక్కను జాతకచక్రము వలె నమ్మరాదు. బాధ, భయము కూడ నాడిని పరుగెత్తించును. రక్తపుపోటునకు అటెనొలాల్ వంటి మాత్రలు మ్రింగు వృద్ధుని నాడి, ఎంత నెత్తురు పోయినను పెరుగక, లెక్కను తప్పుదారి పట్టించును. ఎప్పుడును 160 ఉండెడి పోటు 115కు దిగినచో ఆ ముసలివానికి అది పడిపోయినట్లే. గర్భిణికి కొంత రక్తము సహజముగనే అధికముగా నుండుటచే అపాయము ఆలస్యముగా బయటపడును. వ్యాయామమున ఆరితేరిన పడుచు జవాను చివరివరకు మాటలాడుచునే యుండి హఠాత్తుగా కూలిపోవచ్చును. అందుచే ఒక్కమారు చూచిన అంకెకన్న, పది పదునైదు నిమిషములకొకమారు చూచిన అంకెల వరుసయే మేలు.

ఈ విషయమున ఇటీవలి గొప్ప ఆధారము క్రాష్-2 అను పరిశోధన. భారతదేశముతో సహా 40 దేశములలోని 274 ఆసుపత్రులలో 20,211 మంది గాయపడినవారిపై జరిగి 2010లో ప్రకటింపబడినది. ఆ వివరములను పరిశీలించి 2012లో వెలువరించిన లెక్కలో, ఎవరు బ్రతుకుదురో సూచించుటకు అన్నిటికన్న గట్టివిగా తేలినవి మూడు: రోగి తెలివి ఎంత యున్నది, వయస్సెంత, పోటు పై అంకె ఎంత. మూడింటిలో దేనికిని ప్రయోగశాలతో పనిలేదు. తర్లగూడ వంటి చోటులకు ఇంతకన్న కావలసినదేమి?

ఆ పరిశోధన అసలు చేపట్టినది ట్రానెక్సమిక్ ఆసిడ్ అను చవుకైన మందును పరీక్షించుటకు. గాయపడిన మూడు గంటలలోపల ఇచ్చినచో రక్తస్రావముచే మరణించువారు తగ్గిరి. తొలిగంటలో మేలు మిక్కుటము. మూడు గంటలు దాటిన పిదప ఇచ్చినవారిలో అట్టి మరణములు తగ్గకపోగా పెరిగినవి. కావున మందు చేతిలో నున్నను, గాయమైన వేళ తెలియనిచో వైద్యుడు దానిని వాడుటకు జంకును. ప్రయాణపు తొందరలో అందరును మరచునది ఆ వేళయే.

గడియారము చూచి అరనిమిషము నాడి లెక్కించి రెట్టింపు చేయుట ఎనిమిదవ తరగతి పిల్ల నేర్వగల పని. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టుట మొదటిది. ఆ చేయి తీయకుండగనే రెండవ మనిషి నాడి చూడవచ్చును. పోటు కొలుచు యంత్రము తొలిమజిలీ ఆరోగ్య కేంద్రమున దొరకును. చీటీపై “గాయము 9–40 గం.; 10–20కి నాడి 104, పోటు 118; 10–50కి నాడి 122, పోటు 104” అని యున్నదనుకొనుడు. భాగించినచో మొదటిది 0.88, రెండవది 1.17. ముల్లకట్ట వద్ద గోదావరి వంతెన దాటకముందే ఈ రెండు వరుసలు ఫోనులో చదివి వినిపించినచో, అవతల ఆసుపత్రివారు రక్తమును, శస్త్రవైద్యుని సిద్ధపరచుకొనుటకు వ్యవధి చిక్కును.