జ్వరము దిగిన దినము

గ్రామపెద్దలారా!

గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో వైద్యము చేయుచున్న నన్ను వానకాలమున ప్రతివారును అడుగు ప్రశ్న యొక్కటే: "డాక్టరుగారూ, జ్వరమెంత యున్నది?" మనిషి యెట్లున్నాడని యడుగువారు తక్కువ. ఆ రెండవ ప్రశ్నను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

జ్వరము రోగము కాదు. రోగము వచ్చినదని దేహము వేయించు దండోరా. థర్మామీటరులో 100.4 డిగ్రీలు, అంతకు పైన యున్నచో జ్వరమని యెంచుదుము. దండోరా వేయువాని నోరు మూసినంత మాత్రమున ఊరిలో చొరబడిన దొంగ పోడు. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రోనాల్డు రాసు దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. చలిజ్వరమునకు మూలము చెడుగాలి కాదు, దోమకాటని తేలుటకు అది దారి చూపెను. కావున చలితో, వణకుతో వచ్చిన జ్వరమునకు నాడే రక్తపరీక్ష చేయింపుడు.

ఒక వానకాలమున బొగ్గుగనిలో పనిచేయు నొక యువకునికి అయిదవనాడు జ్వరము దిగెను. గండము గడచినదని ఇంటివారు సంతసించిరి. సాయంకాలమునకు కడుపునొప్పి, వాంతులు కలిగెను, కాలుచేతులు చల్లబడెను. అది డెంగీ. ఆ వ్యాధిలో మూడవనాటినుండి ఏడవనాటివరకు, జ్వరము దిగునప్పుడే రక్తనాళములనుండి నీరు బయటికి ఊరి ప్రాణాపాయము కలుగవచ్చును. రాత్రికి రాత్రే దవాఖానాకు తెచ్చిరి గనుక అతడు దక్కెను. తెల్లవారనిమ్మని యుండినచో ఏమగునో చెప్పజాలను.

ఇక పసిబిడ్డల మాట. మూడు నెలలు నిండని శిశువునకు జ్వరము వచ్చినచో ఇంట వైద్యము వలదు. వెంటనే దవాఖానాకు పోవలెను. పెద్దపిల్లలకు దుప్పట్లు కప్పి ఉడికింపరాదు. లంఖణము పరమౌషధమను సామెత ఇచ్చట పనికిరాదు. చనుబాలు మానుపక, గంజి, జావ, మజ్జిగ, ఓఆర్ఎస్ నీరు కొద్దికొద్దిగా పలుమారులు త్రాగింపుడు. పారాసెటమాలు మందును కిలో బరువునకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరేసి గంటల కొకసారి, దినమునకు నాలుగుమారులకు మించక ఈయవచ్చును. ఆస్పిరిను ఈయరాదు. ఫిట్సు వచ్చినచో బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు; నోటిలో ఏదియు పెట్టకుడు; వాతలు పెట్టకుడు. అయిదు నిమిషములలో ఆగనిచో 108కి ఫోను చేయుడు. ఆగినను వైద్యునికి చూపుడు.

మన బొగ్గుగనుల సీమలో వేసవి సంగతి వేరు. ఎండలో పనిచేసినవానికి ఒళ్లు నిప్పువలె కాలి, మాట తడబడినచో అది జ్వరము కాదు, వడదెబ్బ. దానికి బిళ్ల పనిచేయదు. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి, విసరుచునే దవాఖానాకు తరలింపుడు.

పెద్దవారైనను, పిల్లలైనను ఎడతెగని వాంతులు, ఆయాసము, రక్తస్రావము, మూత్రము తగ్గుట, మగత—వీనిలో ఏ యొక్కటి కనబడినను జ్వరమెంత యని చూడక బయలుదేరవలెను. రేపు చూతమా, నేడే పోదమా యని ఇంటిలో తర్జనభర్జన పడునప్పుడు అందరును మీ ముఖమే చూతురు. "బండి కట్టించుడు" అని మీరనిన ఒక్కమాట నా చేతిలోని మందుకంటె ముందుగా ప్రాణము నిలుపును.

సెలవు.